లోపల సున్నా

ఆ గోడౌన్లో మనుషుల్ని లెక్కపెట్టడానికి ఒకప్పుడు ఒక ముసలి వాచ్‌మన్ ఉండేవాడు. ధాన్యం బస్తాలకు పురుగు పట్టకుండా గ్యాసు పెట్టే రోజున చేతికర్ర పట్టుకుని వరస వరసా తిరిగేవాడు. ప్రతి గుట్టనీ ఒక దెబ్బ వేసి, "ఎవడ్రా లోపల? చావాలనుంటే పడుకో, బతకాలనుంటే లే!" అని అరిచేవాడు. ఆ అరుపుకి ఎలుకలు కూడా మూటాముల్లే సర్దుకుని బయటికి పోయేవని చెప్పుకునేవాళ్ళు. ఏడాది కిందట కంపెనీ కంప్యూటర్ సిస్టమ్ తెచ్చింది. గేటు దగ్గర ఒక కార్డు మెషీను, దాని నెత్తిన ఒక బోర్డు. కార్డు చూపించి లోపలికి పోతే బోర్డు మీద అంకె ఒకటి పెరుగుతుంది, బయటికొస్తే ఒకటి తగ్గుతుంది. బోర్డు ఉండగా మనిషెందుకని ముసలాయన చేతిలో ఒక గొడుగు బహుమతిగా పెట్టి ఇంటికి పంపేశారు. నీడ తీసేసి గొడుగివ్వడం పెద్ద కంపెనీల మర్యాద.

మెషీనుకి ఒక జబ్బుంది. కార్డు చూపించగానే పలకదు. పెళ్ళిచూపుల్లో పిల్లలాగా కాసేపు ఆలోచించుకుని, పన్నెండు సెకన్లకి ఒక కూత కూస్తుంది. గోడౌన్లో పనిచేసేవాళ్ళు ముప్పై రెండు మంది. ఒంటిగంటకి అరగంట విరామం. లైనులో నిలబడి ఒక్కొక్కడూ కార్డు కొడితే చివరివాడు బయటపడేసరికి ఆరు నిమిషాలు దాటిపోతాయి. తిరిగి రావడానికి ఇంకో ఆరు. ఒంటిగంటన్నరకి ఒక్క నిమిషం ఆలస్యమైనా కంప్యూటర్లో పేరు ఎర్రబడుతుంది. నెలలో మూడుసార్లు ఎర్రబడితే మెమో.

ఆ ఎరుపంటే కూలీలకన్నా సూపర్‌వైజర్‌కే ఎక్కువ భయం. అతన్ని వెనకాల అందరూ 'రిపోర్టు' అని పిలిచేవాళ్ళు. వాన పడుతోందా అని అడిగితే కిటికీలోంచి చూడకుండా, రిపోర్టు తెప్పించి చెప్తాననే రకం. ఒకరోజు ఫోర్క్‌లిఫ్ట్ నడిపే పెద్దల్లుడిని క్యాబిన్లోకి పిలిచి తలుపేశాడు.

"లైన్లో నిలబడతారో, లైనే లేకుండా చేసుకుంటారో నాకు తెలీదు. నేనడగను, నువ్వు చెప్పకు. నా రిపోర్టులో ఎరుపు కనపడకూడదు, అంతే."

అంటే దారి చూసుకోమని. చూసుకున్నారు. లారీలు వచ్చే వెనక షట్టరు ఎప్పుడూ తెరిచే ఉంటుంది. అందరూ కార్డులు ఒకడి చేతిలో పెట్టి అటునుంచి పోతారు. ఆ ఒక్కడు మెషీను ముందు నిలబడి ముప్పై రెండు కార్డులూ వరసగా కొడతాడు. మళ్ళీ ఒంటిగంటా ఇరవై మూడుకి వచ్చి వరసగా లోపలికి కొడతాడు. ఒకడి టీ సగం పోయినా ముప్పై ఒక్కమంది టీ దక్కుతుంది. వారానికొకడి వంతు. బయటికి వెళ్ళే ఓపిక లేనివాడు బస్తాల వెనకే పడుకునేవాడు. వాడి కార్డు మాత్రం బుద్ధిగా బయటికి వెళ్ళొచ్చేది. ఆరు నెలలు అలా గడిచింది. ఒక్క పేరు ఎర్రబడలేదు.

ఆ వారం వంతు పెద్దల్లుడిది.

అతనికి ఆ పేరు అత్తగారింటి నుంచి వచ్చింది. ఆ ఇంటి పెద్దకూతుర్ని అతను చేసుకుంటే, చిన్నకూతుర్ని చేసుకున్నవాడిని తనే తీసుకొచ్చి ఈ గోడౌన్లో హమాలీగా పెట్టించాడు. తోడల్లుళ్ళిద్దరూ ఒకేచోట పనిచేస్తుంటే జనం ఊరుకుంటారా? ఒకడు పెద్దల్లుడు, ఇంకొకడు చిన్నల్లుడు అయిపోయారు. అసలు పేర్లు కార్డుల మీద తప్ప ఎక్కడా మిగల్లేదు. పెద్దల్లుడు నలభై ఎనిమిదేళ్ళవాడు, మాట తక్కువ, విసుగు ఎక్కువ. చిన్నల్లుడు తొమ్మిదేళ్ళు చిన్న. నూరు కిలోల బస్తా వీపున ఉన్నా నోరు ఊరుకునేది కాదు.

ఆ మంగళవారం ఒంటిగంటకి చిన్నల్లుడు తన కార్డు కట్టమీద పడేసి, "అన్నయ్యా, నా కార్డుకి కూడా ఒక టీ పట్టించు" అన్నాడు.

"నువ్వు రావా?"

"మూడో గదిలో గుట్ట వెనక నడుం వాలుస్తా. చిన్నదానికి జ్వరం. రాత్రంతా భుజాన వేసుకుని తిరిగాను."

"నువ్వు పడుకుంటే మామగారింట్లో అల్లుడి నిద్రే కదా. లేపేవాడు ఉండాలి."

"పెద్దల్లుడున్నాడుగా! మామగారు నిన్ను ముందుగా తెచ్చుకుంది అందుకే మరి" అని నవ్వుతూ వెళ్ళిపోయాడు.

పెద్దల్లుడు మెషీను ముందు నిలబడి ఒక్కొక్క కార్డూ కొట్టాడు. చిన్నల్లుడి కార్డు ఇరవై తొమ్మిదోది. తనది ఆఖరుది. ఒంటిగంటా ఆరు నిమిషాలకి బోర్డు మీద సున్నా వెలిగింది. రోడ్డు దాటి టీ కొట్టుకి వెళ్ళాడు.

ఆ మధ్యాహ్నం జరగబోయేది అంతకు వారం ముందే నిర్ణయమైపోయింది. నిర్ణయించింది మనిషి కాదు. గ్యాసు పని అంతకుముందు సెలవురోజున చేసేవాళ్ళు. సెలవురోజున గోడౌను తెరిపించడం దండగని పై ఆఫీసు సిస్టమ్ ఖాళీ సమయం కోసం వెతికింది. ఈ గోడౌన్లో ఒంటిగంటా ఆరు నుంచి ఇరవై మూడు దాకా రోజూ సున్నా, ఆరు నెలల్లో ఒక్కరోజు కూడా తప్పకుండా. మిగతా గోడౌన్లలో విరామంలో ఎవడో ఒకడు లోపల మిగిలేవాడు, ఇక్కడ పురుగు కూడా లేదు. ఇంత క్రమశిక్షణ ఇంకెక్కడా చూడలేదని మెచ్చుకుంటూ రిపోర్టుకి ఉత్తరం కూడా వచ్చింది. అతను దాన్ని అద్దం కట్టించి క్యాబిన్లో తగిలించుకున్నాడు. ఆ మంగళవారం మూడో గదితో మొదలుపెట్టి, రోజుకొక గది చొప్పున ఆ ఖాళీలోనే గ్యాసు పెడతారని దాని వెనకే ఇంకో ఉత్తరం వచ్చింది. అది పద్నాలుగు పేజీల కాగితాల్లో ఎక్కడో ఉంది. అతను రిపోర్టులు పంపేవాడే గాని చదివేవాడు కాదు.

గ్యాసు పెట్టేవాళ్ళు బయటి కంపెనీవాళ్ళు. మాస్కులు తొడుక్కుని నలుగురు దిగారు. బోర్డు చూశారు, లోపల సున్నా. చేతిలో ఫోను చూశారు, పని మొదలుపెట్టవచ్చు. మూడో గది షట్టరు దించి, అంచులకి టేపు వేసి, ఎర్ర అట్ట తగిలించి, ఒంటిగంటా పదికి సిలిండరు తిప్పారు. కర్ర పట్టుకుని గుట్టల వెంట తిరగమని వాళ్ళ ఫోన్లో ఎక్కడా రాసిలేదు.

పెద్దల్లుడు టీ సగంలో వదిలేసి వచ్చి, కార్డులన్నీ వరసగా లోపలికి కొట్టాడు. ఒంటిగంటా ఇరవై తొమ్మిదికి చిన్నల్లుడి కార్డు కూత కూసింది. బస్తాల బెల్టు మొదలైంది. పక్కవాడి మాట పక్కవాడికి వినపడని మోత. అందరూ వచ్చి ఎవరి కార్డు వాళ్ళు తీసుకున్నారు. చేతిలో ఒకటి మిగిలింది. నిద్రమొహం ఇంకా లేవలేదు, చెంబుడు నీళ్ళు కొట్టాలి అనుకుంటూ మూడో గది వైపు నడిచాడు. మలుపు తిరిగాడు. దించిన షట్టరు, దాని మీద టేపు, ఎర్ర అట్ట.

అప్పుడు టైము ఒంటిగంటా ముప్పై రెండు.

నోరు తెరిచి అరిచి ఉంటే ఈ కథ ఇంకోలా ఉండేదేమో. అరవలేదు. అరిస్తే ఏం చెప్పాలి? లోపల మనిషున్నాడని చెప్పాలి. బోర్డు సున్నా చూపించాక మూసిన గదిలో మనిషి ఎలా ఉన్నాడని అడుగుతారు. అప్పుడు కార్డుల కట్ట బయటపడుతుంది. ముప్పై రెండు మంది కూడు ఒక్క అరుపుతో పోతుంది. మనసు ఎంత మాయదారిదో, భయాన్ని ఆశలాగా వేషం వేసి పంపిస్తుంది. లేచి వెళ్ళిపోయాడేమో అంది. దొడ్లో ఉన్నాడేమో అంది. పెద్దల్లుడు దొడ్లోకి వెళ్ళి మూడు తలుపులూ తట్టాడు. కుళాయి దగ్గర చూశాడు. లారీల కింద వంగి చూశాడు. "చిన్నల్లుడు కనిపించాడా?" అని ఇద్దరిని మామూలుగా, ఏమీ జరగనట్టు అడిగాడు. టీ కొట్టు దాకా పరిగెత్తి వచ్చాడు. చేతిలో ఆ కార్డు చెమటకి తడిసిపోయింది.

ఒంటిగంటా నలభై రెండుకి అరిచాడు.

"తెరవండ్రా! లోపల మావాడున్నాడు!"

గ్యాసువాడు మాస్కు పైకెత్తి, "ఏంటి పెద్దాయనా, బోర్డు సున్నా చూపించాకే మూశాం" అన్నాడు. "ఆఫీసు నుంచి అనుమతి నంబరు రాందే తెరిస్తే నా ఉద్యోగం పోద్ది."

పెద్దల్లుడు రిపోర్టు క్యాబిన్లోకి పరిగెత్తాడు. రిపోర్టు తన కంప్యూటరు తెర మీద వేలు పెట్టి చూపించాడు.

"నీకేమైనా మతిపోయిందా? ఇదిగో, ఒకటీ ఇరవై తొమ్మిదికి లోపలికొచ్చాడు. గది మూసింది ఒకటీ పదికి. మూసేసిన గదిలో ఎలా ఉంటాడు? ఎక్కడో పడి నిద్రపోతుంటాడు, చూడు."

"ఆ కార్డు కొట్టింది నేనండీ!"

రిపోర్టు లేచి వెళ్ళి ముందు తలుపేశాడు. "ఆ మాట ఇంకోసారి అనకు" అన్నాడు గొంతు తగ్గించి. తర్వాత ఫోను తీసి పై ఆఫీసుకి చేశాడు. వాళ్ళు ఇంకొకరికి చెయ్యమన్నారు. ఆ ఇంకొకరు భోజనంలో ఉన్నారు.

పెద్దల్లుడు బయటికొచ్చి తన బండెక్కాడు. ఫోర్క్‌లిఫ్ట్ రెండు కొమ్ములూ ముందుకి చాచి మూడో గది షట్టరు మీదికి తోలాడు. రెండో దెబ్బకి రేకు చీలింది. గ్యాసువాళ్ళు తిట్టుకుంటూనే లోపలికి దూరారు.

చిన్నల్లుడు గుట్ట వెనక లేడు. షట్టరు పక్కనే ఉన్నాడు, కింది అంచు సందులో వేళ్ళు ఇరికించుకుని. గోళ్ళు రెండు ఊడి ఉన్నాయి.

*

మూడో రోజున కంపెనీ మనిషి చిన్నల్లుడి ఇంటికి ఒక కాగితం తెచ్చాడు. చిన్నల్లుడి భార్య, పెద్దల్లుడికి మరదలు, ఏడో క్లాసు దాకా చదివింది. గోడకి ఆనుకుని, కూతుర్ని ఒళ్ళో పెట్టుకుని, ఒక్కొక్క ముక్కా కూడబలుక్కుంటూ చదివింది. సిస్టమ్ ప్రకారం ఆమె భర్త ఒంటిగంటా ఇరవై తొమ్మిదికి గోడౌన్లోకి వచ్చాడు. ఆ తర్వాత హెచ్చరిక లెక్కచెయ్యకుండా టేపు చించి మూసిన గదిలోకి దూరాడు. పని లేని గదిలోకి పోవడానికి కారణం సరుకు కాజేసే ఉద్దేశమేనని భావించడమైనది.

ఆమె తలెత్తి చూసింది. కళ్ళలో నీళ్ళు లేవు.

"బావా, నువ్వు అక్కడే ఉన్నావుగా. ఆయన దొంగా?"

పెద్దల్లుడు కాగితం వైపే చూస్తూ నిలబడ్డాడు. పక్కన అతని భార్య చెల్లెలి వీపు నిమురుతూ, "ఏమయ్యా, చెప్పు! బెల్లం కొట్టిన రాయిలా నిలబడతావేం?" అంది.

"విచారణ ఉంది" అన్నాడు. "ఇన్‌స్పెక్టరు వస్తున్నారు. అక్కడ తేలుతుంది."

ఆ సాయంత్రం టీ కొట్టు వెనక గోడౌను జనమంతా చేరారు. ముప్పై మంది ఒకవైపు, అతనొక్కడూ ఒకవైపు. కాటా దగ్గర పనిచేసే తూకంవాడు నోరున్నవాడు. వాడే మొదలుపెట్టాడు.

"చూడు పెద్దల్లుడూ, పోయినవాడు మాకూ కావాల్సినవాడే. కానీ నువ్వు నిజం చెప్తే వాడు లేచొస్తాడా?"

"వాడు దొంగ కాదురా."

"మాకు తెలీదా? మేమెవరమైనా అన్నామా? కాగితం అంది. కాగితానికి సిగ్గెక్కడిది! నువ్వు నోరు విప్పితే నీకు పుణ్యం, మాకు పస్తు."

"రేపు నీకిలా జరిగితే?"

"జరిగితే నన్నూ దొంగనే అనండి. నా పెళ్ళాం నన్ను రోజూ అనేదే!"

ఇద్దరు ముగ్గురు నవ్వారు, వెంటనే తలలు దించుకున్నారు. పెద్దల్లుడికి వాళ్ళ మీద కోపం రాలేదు. వాళ్ళు అడుగుతున్నదే ఆ పది నిమిషాలూ అతను తనను తాను అడిగాడు. అప్పుడు తన జవాబు కూడా వాళ్ళ జవాబే.

*

ఇన్‌స్పెక్టరు ఒక నడివయసు ఆవిడ. ముక్కు మీదికి జారే కళ్ళద్దాలు, ముందు ఒక ల్యాప్‌టాప్. పక్క కుర్చీలో రిపోర్టు కొత్త చొక్కా వేసుకుని కూర్చున్నాడు. పెద్దల్లుడిని కూర్చోమన్నారు. కూర్చోలేదు.

"ఆ రోజు అతని కార్డు అతను కొట్టలేదమ్మా. నేను కొట్టాను. బయటికీ నేనే, లోపలికీ నేనే. అందరివీ నేనే."

"అబద్ధం మేడమ్" అన్నాడు రిపోర్టు. "చుట్టరికం కదా, దొంగతనం కప్పిపెట్టడానికి చెప్తున్నాడు. ఒకరి కార్డు ఒకరు కొట్టడం మా దగ్గర జరగదు. సిస్టమ్‌లో ఎక్కడా లేదు."

"ఉందమ్మా" అన్నాడు పెద్దల్లుడు. "నాకు కంప్యూటర్లు తెలీవు గాని, ఆ మెషీను ముందు నిలబడ్డాను, నాకు తెలుసు. ఒక్కో కార్డుకి పన్నెండు సెకన్లు. ఏ రోజుదైనా తీసి చూడండి."

ఆవిడ తీసింది. కళ్ళద్దాలు పైకి తోసుకుని కిందికీ పైకీ చూసింది. ముప్పై రెండు పేర్లు, పన్నెండు సెకన్లకొకటి. ముందురోజు చూసింది, అదే వరస. ఆ ముందురోజు, ఆ ముందు నెల.

"ముప్పై రెండు మంది, పన్నెండు సెకన్లకొకరు, ఆరు నెలలు. సైన్యం కూడా ఇలా నడవదు" అంది.

"మా క్రమశిక్షణ మేడమ్" అన్నాడు రిపోర్టు. అలవాటు.

"ఈ రికార్డు రోజూ ఎవరు చూస్తారు?"

"సిస్టమ్ చూస్తుంది మేడమ్."

ఆవిడ ఆ జవాబు టైపు చేసుకుంది. తర్వాత పెద్దల్లుడి వైపు తిరిగింది.

"గది మూసి ఉందని నువ్వు చూసింది ఎన్నింటికి?"

"ఒకటీ ముప్పై రెండు."

"అరిచింది?"

ఇక్కడ అబద్ధమాడితే పట్టుకునేవాడు లేడు. ఆ పది నిమిషాలు ఏ మెషీనులోనూ లేవు. అతనొక్కడి దగ్గరే ఉన్నాయి.

"ఒకటీ నలభై రెండు."

ఆవిడ వేళ్ళు ఆగాయి. "ఈ మధ్యలో?"

"దొడ్లో వెతికాను. కుళాయి దగ్గర, లారీల కింద."

"అక్కడ ఉండడని తెలిసా, తెలియకా?"

పెద్దల్లుడు గోడ వైపు చూశాడు. "తెలిసే" అన్నాడు.

డాక్టరు కాగితం ఆవిడ ముందే ఉంది. గ్యాసు మొదలయ్యాక అరగంట దాకా ప్రాణం ఉండి ఉండాలని అందులో రాసి ఉంది. ఆవిడ దాన్ని పైకి చదవలేదు. చదవాల్సిన పని లేకపోయింది.

తీర్పు కాగితం వచ్చేసరికి నెల పట్టింది. చనిపోయిన వ్యక్తి దొంగ కాదు, ఇతరుల నిర్లక్ష్యం వల్ల చనిపోయాడు అని రాశారు. పెద్దల్లుడి ఉద్యోగం పోయింది, మీద కేసు పడింది. ముప్పై మందిలో పదకొండు మందిని తీసేశారు. తూకంవాడు అందులో ఉన్నాడు. దారిలో ఎదురైతే ఉమ్మి పక్కకి తిరుగుతాడు. రిపోర్టుని ఇంకో పెద్ద గోడౌనుకి మార్చారు, అక్కడ క్రమశిక్షణ తక్కువగా ఉందట. మెషీను కూడా మార్చారు. కొత్తది కార్డు చూపించగానే ఒక్క సెకనులో పలుకుతోందట. ఆ ఒక్క సెకను మెషీను ముందే కొని ఉంటే ఇంత కథ ఉండేది కాదు.

పెద్దల్లుడు ఆ కాగితం పట్టుకుని మరదలింటికి వెళ్ళాడు. అతని భార్య చెల్లెలికి తోడుగా అక్కడే ఉంటోంది. మధ్యాహ్నం పూట. పిల్ల చాప మీద పడుకుని ఉంది. మరదలు కాగితం తీసుకుని కిటికీ వెలుగులో నిలబడి మొదటినుంచీ చదివింది. 'దొంగ కాదు' అన్నచోట వేలు పెట్టి ఆగింది. పెదాలు కదిలాయి. ఆ మాట మళ్ళీ చదువుకుంది. మళ్ళీ చదువుకుంది.

తర్వాత పేజీ తిప్పింది.

అతను తలుపు పట్టుకుని నిలబడ్డాడు. ఆమె వేలు ఎక్కడిదాకా వచ్చిందో అతనికి తెలుస్తూనే ఉంది. వేలు ఆగింది. చాలాసేపు ఆగింది.

"ఈ పది నిమిషాల సంగతి నిజమేనా బావా?"

"నిజమే."

"వాళ్ళు రాశారా, నువ్వు చెప్పావా?"

"నేనే చెప్పాను."

అతని భార్య కూర్చున్నచోటి నుంచే చెయ్యి చాచింది. చెల్లెలి చేతిలో కాగితం తీసుకోబోయింది. మరదలు ఇవ్వలేదు. దాన్ని మడిచి అన్నం గిన్నె కింద పెట్టింది. గోడ మీద గడియారం వైపు చూసి, చాప అంచున కూర్చుంది.

"కూర్చో బావా."

"వద్దులే అమ్మా, వెళ్తాను."

"పది నిమిషాలు కూర్చో. అదెంతసేపో నేను చూడాలి."

కూర్చున్నాడు. వీధిలో ఎవరో సైకిలు చక్రానికి గాలి కొడుతున్నారు. పిల్ల నిద్రలో ఒకసారి కదిలి, తల్లి కాలు మీద చెయ్యి వేసింది. అతని భార్య మొహానికి కొంగు అడ్డం పెట్టుకుంది. మరదలు గడియారం మీద నుంచి చూపు తిప్పలేదు. రెండు నిమిషాలకి అతని అరచేతులు తడిశాయి. నాలుగో నిమిషానికి వేళ్ళ వైపు చూసుకోవడం మానలేకపోయాడు. గాలి కొట్టేవాడు పని ముగించుకుని వెళ్ళిపోయాడు. పక్కింట్లో ఎవరో వంట మొదలుపెట్టారు. ఎక్కడో తలుపు పడిన చప్పుడైంది. అతను ఇక ఆగలేక లేచి నిలబడ్డాడు.

"కూర్చో" అంది మరదలు, గడియారం వైపే చూస్తూ. "ఇంకా మూడున్నాయి."